ఊగే సీటు

ఏలూరు, ఆదివారం రాత్రి

పాప గోల పడలేక పార్కులో కొత్తగా పెట్టిన సిమ్యులేటర్ ఎక్కాం. తెరమీద సినిమా హీరో జీపును వంతెన మీంచి దూకించాడు. సీట్లు ఎగిరెగిరి పడ్డాయి. నాకైతే ఆ హీరో మీదున్న కాస్త అభిమానమూ పోయింది. పాపకేమో మళ్లీ ఎక్కాలట.

లైట్లు వేశాక చూస్తే ఈయన తల వాల్చి నిద్రపోతున్నారు.

"ఏవండీ, అంత కుదుపులో నిద్రెలా పట్టిందండీ?" అన్నాను.

"సీటు ఊగితే చాలు, కళ్లు వాటంతటవే మూతపడిపోతాయే. అలవాటైపోయింది," అన్నారు. పాప నవ్వింది, నేనూ నవ్వాను.

ఇందాక కొల్లేటి చేపల లోడుతో లారీ తీసుకుని ఆయన బయల్దేరాక తట్టింది, ఆ అలవాటు ఎక్కడయిందో. ఫోన్ చేస్తే స్టీరింగ్ మీంచి చెయ్యి తీస్తారేమో. చెయ్యకపోతే...