లైటేసి వస్తానన్న అన్నయ్య

వదినకు మరిది నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. మీ మోకాలు తప్ప అక్కడ కూడా అంతా కులాసా అని తలుస్తాను. మీ తోడికోడలు నాతో ఇంకా పోట్లాడుతోందా అని అడిగారు. రోజూ పోట్లాడుతోంది, ఆరోగ్యంగా ఉందన్నమాట. వర్క్‌షాపు అమ్మేశావా అని కూడా అడిగారు. అమ్మలేదు, అమ్మి ఉంటే ఈ ఉత్తరం రాసే భాగ్యమే ఉండేది కాదు.

నిన్న పొద్దున లేత్ దగ్గర ఉండగా ఒక పెద్దాయన పడవ పంపు బాగుచేయించడానికి తెచ్చాడు. గోడ మీద యూనిఫాంలో ఉన్న అన్నయ్య ఫొటో చూసి పంపు వదిలేశాడు. నా కాలి మీద పడకపోవడం నా అదృష్టం.

"ఈయన మీకేమవుతారు?"

"మా అన్నయ్య. యుద్ధంలో ఓడతో పాటే పోయాడు."

"నేనూ ఆ ఓడలోనే ఉన్నానండీ. మా కరెంటాయన ఈయన."

ముప్పై ఏళ్ల తర్వాత, ఆ రోజు అన్నయ్యతో ఉన్న మనిషి నా ఎదురుగా నిలబడ్డాడు వదినా. లేత్ ఆపడం కూడా మరిచిపోయాను.

టార్పెడో తగలగానే లైట్లన్నీ పోయాయట. "చీకట్లో తడుముకుంటూ మెట్లు పట్టుకున్నాను. పైనుంచి ఎవరో నన్ను తోసుకుంటూ దిగుతున్నారు. 'జరుగవయ్యా, లైటేసి వస్తా' అన్నారు. గొంతును బట్టి కరెంటాయనని తెలిసింది. కాసేపటికి జనరేటరు తిరిగింది. ఆ వెలుతురులో నా వెనక పదహారు మంది పైకొచ్చారు. ఆయన రాలేదు. ఓడ లైట్లు వెలుగుతూనే మునిగిపోయింది" అన్నాడు.

అన్నయ్య పైకి వచ్చేశాడు వదినా. అయినా మళ్లీ దిగాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా పొంగిపోయింది. వీధిలో పోయేవాళ్లను ఆపి మరీ చెప్పాను. పాలవాడికి రెండుసార్లు చెప్పాను.

వాళ్లలో తొమ్మిది మంది ఇంకా బతికే ఉన్నారట. మీరు ఇల్లు మారడంతో వాళ్లు మీకు రాసిన ఉత్తరాలన్నీ తిరిగొచ్చాయట. వచ్చే ఆదివారం పిల్లాపాపలతో మా వర్క్‌షాపుకు వస్తున్నారు. మిమ్మల్ని చూడాలట.

ఉత్తరంలో ఇక్కడికి వచ్చేసరికి మీరు కాగితం దించేసి ఉంటారు. నిద్రలో పోయాడు కదా, మెట్లు ఎలా దిగాడు అని. ఆ నిద్ర మాట అప్పుడు కబురు తెచ్చిన ఆఫీసరు చెప్పలేదు వదినా, నేనే కల్పించాను. ఓడ మునిగిందన్నది తప్ప ఆయనకేమీ తెలియదు. మీకప్పుడు కడుపులో అమ్మాయి. నాలుగు రోజులు మంచినీళ్లు కూడా ముట్టలేదు. పోయేముందు ఎంత భయపడ్డాడో అని ఒకటే మాట. నాకేమీ తోచక, నిద్రలోనే పోయాడట, ఏమీ తెలియలేదట అనేశాను. ఆ పూట మీరు అన్నం తిన్నారు. ఆ తర్వాత నిజం చెప్పడానికి నోరు రాలేదు.

మనవరాలు తాతయ్య గురించి అడిగితే నిద్రలో పోయాడని తప్ప చెప్పడానికేమీ లేదని మొన్న రాశారు. అలా చేసింది నేనే. క్షమించమని అడిగే ముఖం లేదు. తిట్టడానికైనా ఆదివారం రండి.

అన్నయ్య భయపడ్డాడా అని మీరు మళ్లీ అడుగుతారని తెలుసు. ఈసారి కల్పించి చెప్పను. ఆ గొంతు విన్న మనిషి వస్తున్నాడు, ఆయన్నే అడగండి.

ఇట్లు,
మీ తిట్లకు సిద్ధంగా ఉన్న
మరిది