చేతులు దించని రోబోలు

ఫిబ్రవరి 2, సోమవారం

ఇంకో రెండు మోటార్లు పోయాయి. స్కూలు మెట్ల మీద స్వాగతం చెప్పే ఆరు రోబోల్లో మూడోదాని కుడి చెయ్యి, ఐదోదాని ఎడమ చెయ్యి. జనవరి నుంచి ఇదే వరస.

రోబో చెయ్యి తిప్పే సర్వో మోటారు మంచి సేవకుడు. ఎన్ని డిగ్రీలు చెబితే అన్నే తిరుగుతుంది, మళ్ళీ మాట వచ్చేదాకా అక్కడే నిలబడుతుంది. అంత విధేయత ఉన్నది ఎందుకు చస్తున్నదో అర్థం కావడం లేదు.

కరస్పాండెంట్ పుల్లయ్యకు మాత్రం అర్థమైంది. స్టాఫ్ రూములో అందరి ముందు నన్ను అడిగాడు. ఏమప్పా ఏసురాజూ, మంచి మోటార్లు బద్వేలు బజార్లో అమ్ముకొని ఈడ డూప్లికేట్లు బిగిస్తాండావంట కదా, ఆదివారం మాత్రం మైకు పట్టుకొని దొంగతనం పాపమని చెప్తావంట. టీచర్లు నవ్వారు. సైన్స్ మేడం టీ గ్లాసు అడ్డం పెట్టుకొని నవ్వింది.

వారంలో ఆరు రోజులు నేను ఈ స్కూలు ల్యాబ్ టెక్నీషియన్ని. ఏడో రోజు రైల్వే గేటు అవతలి చర్చి సంఘంలో బైబిలు వాక్యం చెబుతాను. రెండిటినీ ఒక్క మాటతో తన్నాడు.

శత్రువుల పళ్ళు విరగ్గొట్టమని దేవుణ్ణి అడిగే కీర్తన ఒకటుంది. దాని కింద పెన్సిల్‌తో గీత పెట్టాను.

ఫిబ్రవరి 4, బుధవారం

మోటారుకు కరెంటు చాలడం లేదేమోనని విడిగా అడాప్టర్ పెట్టాను. చచ్చింది. వైరు మార్చాను. చచ్చింది. మా ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము దూరని సందు లేదు కదా అని గేర్లు విప్పి బ్రష్‌తో తుడిచాను. గేర్ల పళ్ళు చెక్కు చెదరలేదు.

తల తిప్పే మోటార్లకు ఏమీ కావడం లేదు. చేతులవే కాలుతున్నాయి. అదే కంపెనీ, అదే పెట్టె.

ఫిబ్రవరి 6, శుక్రవారం

పుల్లయ్య రేపటి నుంచి రావద్దన్నాడు. గేటు దగ్గర నా బ్యాగు వెతికించాడు. వాచ్‌మన్ నారాయణ తల వంచుకొని వెతికాడు. టిఫిన్ డబ్బా, స్క్రూడ్రైవర్, బైబిలు. బైబిలు కూడా దులిపి చూడమన్నాడు పుల్లయ్య.

మెట్ల మీద ఆరు రోబోలూ చేతులు జోడించి చూస్తున్నాయి. రోబోలు అమ్మిన కంపెనీ మనిషి నవీన్ రాసిన ప్రోగ్రాములో అవి దండం పెట్టి వెంటనే చేతులు దించేవి. పుల్లయ్యకు నచ్చలేదు. నేను ఈడుండంగానే చేతులు దించేదేందప్పా, నేను పొయ్యేదాకా అట్లే ఉండనీ అన్నాడు. చేతులు దించే ఆ లైను నాతోనే కొట్టేయించాడు. మా నాయన కూడా పుల్లయ్య వాళ్ళ నాపరాళ్ళ గని దగ్గర అట్లే నిలబడేవాడు, వీళ్ళ జీపు మలుపు తిరిగేదాకా.

ప్రభువా, ఈ మనిషిని నా కళ్ళ ముందు పడగొట్టు. నా చాటున వద్దు.

ఫిబ్రవరి 8, ఆదివారం

సంఘ పెద్ద శాంతయ్య తలుపు దగ్గరే ఆపాడు. ఈ సంగతి తేలేదాకా నువ్వు మైకు ముట్టుకోవద్దు నాయనా, జనం నోరు మనం పట్టలేం అన్నాడు. చివరి బెంచీలో కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ తన చేతిసంచి ఒళ్ళోకి తీసుకుంది.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఏమీ తినలేదు. ఉపవాసం కాదు, కోపం.

ఫిబ్రవరి 12, గురువారం. తెల్లవారుజాము

మోకాళ్ళ మీద ఉన్నాను. పుల్లయ్య గని కూలిపోవాలని, స్కూలు మూతపడాలని, పేరు పేరునా అడుగుతున్నాను. చేతులు జోడించి ఎంత బలంగా నొక్కుతున్నానో నాకే తెలియలేదు. మోచేతులు వణికాయి. అరచేతులు వేడెక్కాయి.

కళ్ళు తెరిచాను.

ప్రోగ్రాములో తొంభై డిగ్రీలు అని ఉంది. రోబో అరచేతులు అంతకు ముందే తగులుకుంటాయి. మోటారుకు ఆ సంగతి తెలియదు. ఇంకా చేరలేదనుకొని తోస్తూనే ఉంటుంది. ఎడమది కుడిదాన్ని, కుడిది ఎడమదాన్ని. ఒక్క క్షణమైతే తట్టుకుంటుంది. పుల్లయ్య వెళ్ళేదాకా అంటే కాలిపోతుంది.

దొంగ లేడు. దండమే ఉంది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

నా సీటులోకి వచ్చిన అమ్మాయి ఫోన్ చేసింది. పేరు శివలీల, ఊరు ఆదోని. అన్నా, దండం పెట్టినప్పుడు చేతులు జుమ్మంటాండాయి, ముట్టుకుంటే కాలుతాండాయి, ఇంగోటి పోతే నన్నూ నీ దావనే పంపిస్తా అంటాండాడు సారు అంది.

తెలియదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఇరవై ఒకటిన యాన్యువల్ డే. తన ప్రసంగం అయ్యేదాకా రోబోలు చేతులు దించకూడదని పుల్లయ్య ఆర్డరంట. ఆయన ప్రసంగాలు ఎంత పొడుగో నాకు తెలుసు. ఆరూ కాలతాయి, ముఖ్య అతిథి ముందు పొగ లేస్తుంది. ఆ పొగ నాకు ధూపం. పగ తీర్చడం మనిషి పని కాదని కూడా బైబిల్లో రాసి ఉంది. ఆ పేజీ తిప్పేశాను.

ఫిబ్రవరి 14, శనివారం

పొగకు నోరు లేదు. ఆరూ కాలితే ఆ పిల్లను కూడా దొంగే అంటాడు, నా పేరు ఇంకా బురదలోకి దిగుతుంది. ఒక్క సాక్షి చాలడని, ఇద్దరు కావాలని బైబిలు ధర్మశాస్త్రంలో ఉంది.

శివలీలకు నేనే ఫోన్ చేశాను. నిన్న అబద్ధం చెప్పానని, చేతులు ఎందుకు కాలుతున్నాయో కూడా చెప్పాను. నాలుగు రోబోలకు దండం పెట్టగానే చేతులు దించే లైను తిరిగి రాయమన్నాను. రెండింటిని సారు చెప్పినట్టే ఉంచమన్నాను. ఆమె నవ్వింది. అట్లయితే ఆ రెండూ సారుకు ఆ పక్క ఒగటి ఈ పక్క ఒగటి పెడతా లేన్నా అంది.

ఫిబ్రవరి 21, శనివారం. రాత్రి

యాన్యువల్ డే జనంలో కలిసి సౌండ్ బాక్సు వెనక నిలబడ్డాను. పుల్లయ్య క్రమశిక్షణ గురించి మాట్లాడాడు. నాలుగు రోబోలు దండం పెట్టి చేతులు దించాయి. ఆయన పక్కనున్న రెండూ దించలేదు. మాటకు మాటకు మధ్య వాటి కూత మైకులో వినిపించింది.

ముందు వాసన. తరువాత కుడి వైపు దాని భుజం నుంచి సన్నని పొగ. వెంటనే రెండోది. ముఖ్య అతిథి కర్చీఫ్ తీశాడు.

పుల్లయ్య మైకులోనే అన్నాడు, ఏసురాజుగాడు పోయినా వాడు చేసిన పాపం పోలేదని.

శివలీల ఇంకో మైకు తీసుకుంది. సార్, ఆ నాలుగింటికి చేతులు దించమని నేనే రాసినా, అవి బాగుండాయి. మీరు దించొద్దన్నట్టు ఉంచినేవి ఈ రెండే. ఒగ చెయ్యి ఇంగో చేతిని తోసి తోసి కాలిపాయె. మోటార్లు ఎవురూ అమ్ముకోలేదు సార్ అంది.

వెనక వరసలో ఎవరో, దండం శానా ఎక్కువై సచ్చినాయంటప్పా అన్నారు. మైదానమంతా నవ్వింది. మనవరాలి డాన్సు చూడటానికి వచ్చిన శాంతయ్య కూడా నవ్వాడు. సైన్స్ మేడంకు ఈసారి అడ్డం పెట్టుకోవడానికి టీ గ్లాసు లేదు.

పుల్లయ్య ముఖం తనివితీరా చూశాను. కాలిన ప్లాస్టిక్ వాసన గుండెల నిండా పీల్చాను. ఇక్కడ దాచడం దేనికి, శానా బాగుంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

శాంతయ్య మైకు నా చేతికిచ్చాడు. ముందు పుల్లయ్య కోసం ప్రార్థన చెయ్యి నాయనా అన్నాడు.

చేతులు జోడించాను. అరచేతులు ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉన్నాయి. వేడెక్కాయి.

మధ్యలో వేలెడు ఎడం వదిలాను.