మామయ్య ఖాళీ వదిలిన గడి

ఏప్రిల్ 13, గురువారం

మామయ్యకి మళ్ళీ ఎమ్మెల్యే టికెట్ వచ్చింది. పొద్దున్నుంచి ఇంటి ముందు టపాసులు. పదకొండింటికి నాకు ఆఫీసు రిలీజ్ కాల్. మ్యూట్ తీసిన ప్రతిసారీ ఢాం. మీ ఇంట్లో పెళ్ళా అని మేనేజర్ అడిగాడు. పెళ్ళయినా నయం, ఒక్కరోజుతో పోతుంది.

ఏప్రిల్ 15, శనివారం

తెలుగు ఓటర్లకి పంచడానికి మామయ్య రాజకీయ జీవితం మీద రెండు పేజీల కరపత్రం నన్ను రాయమన్నారు. నాది ఒంగోలు కాబట్టి నా తెలుగు బాగుంటుందట. కన్నడనాట ఈ యలహంకలో నాలుగు తరాలుగా ఉంటున్న వీళ్ళ తెలుగు అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఏ సంవత్సరం గెలిచారు మామయ్యా అని అడిగితే, బోరు ఎండిపోయిన ఏడు అన్నారు. ఓడింది? మా అమ్మ పోయిన ఏడు. తేదీలతో నీకేం పని ఉండాది అమ్మా, జనాన్ని అడిగితే వాళ్ళే చెప్తారు అన్నారు. రెండు పేజీల కోసం నేను నియోజకవర్గం అంతా తిరగాలి కాబోలు.

చివరికి ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో కూర్చుని తీశాను. 1999లో ఇండిపెండెంట్, డిపాజిట్ పోయింది. 2004లో గెలుపు. 2008లో పార్టీ మారి గెలుపు. 2013లో ఓటమి. 2018లో ఇంకో పార్టీ, 740 ఓట్లతో గెలుపు. మూడు పార్టీల్లో ప్రజలకు సేవ చేసిన మునిరాజు గారు అని రాశాను. నా భర్త దీపక్ ఆ వాక్యం కొట్టేశాడు. అబద్ధమా అంటే, నిజమే కాబట్టి కొట్టేశానన్నాడు.

ఏప్రిల్ 16, ఆదివారం

నామినేషన్లతో ఇచ్చిన పాత అఫిడవిట్‌లు కూడా దొరికాయి. విద్యార్హత దగ్గర 2008లో ఎస్సెస్సెల్సీ, అంటే మన పదో తరగతి. 2013లో పీయూసీ, అంటే ఇంటర్. 2018లో బీఏ. ఐదేళ్ళకో క్లాసు పాసవుతున్నారు! ఈ లెక్కన ఈసారి ఎమ్మే రాయాలి.

నవ్వుకుంటూ దీపక్‌కి చూపించాను. వాడు నవ్వలేదు. అవతలి పార్టీవాళ్ళు ఆల్రెడీ నాన్న చదివిన బడికి వెళ్ళి రిజిస్టర్ ఫోటో తీసుకున్నారన్నాడు. నాలుగో తరగతి తర్వాత పేరు లేదట. మళ్ళీ బీఏ అని రాస్తే కేసు పెడతారు.

అయితే నాలుగో తరగతి అనే రాయమను అన్నాను. నువ్వే చెప్పు అని వెళ్ళిపోయాడు. ఈ ఇంట్లో కష్టమైన పనులన్నీ నా నెత్తినే పడతాయి.

ఏప్రిల్ 18, మంగళవారం

నేను డమ్మీ అభ్యర్థిని. అసలు నామినేషన్ ఏ కారణంతోనైనా తిరస్కరిస్తే పార్టీకి మనిషి లేకుండా పోకూడదని, ఇంట్లోవాళ్ళ చేత ఇంకోటి వేయిస్తారు. ఇన్నేళ్ళూ అనసూయ అత్తయ్యే వేసేవారు. ఈసారి ఆవిడకి మోకాళ్ళ ఆపరేషన్. దీపక్ సర్కారు కాంట్రాక్టరు, నిలబడకూడదు. ఇక మిగిలింది నేను.

లాయరు భుజంగరావు గారు చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. ముప్ఫై దాకా ఉంటాయి. ఉత్త ఫార్మాలిటీ అమ్మా అన్నారు. హాఫ్ డే లీవు పోయింది.

ఏప్రిల్ 20, గురువారం

ఒంటిగంటన్నరకి రాహుకాలం. నామినేషన్లకి మూడింటిదాకా గడువు. అందుకని పన్నెండింటికే మేళతాళాలతో వెళ్ళి మామయ్యదీ నాదీ వేసి వచ్చారు.

నాలుగింటికి భుజంగరావు గారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు. మామయ్య అఫిడవిట్‌లో విద్యార్హత గడి ఖాళీ! రిటర్నింగ్ ఆఫీసర్ నోటీసిచ్చాడు. రేపు పదకొండింటికి స్క్రూటినీ మొదలయ్యేలోపు పూర్తి చేసిన కొత్త అఫిడవిట్ ఇవ్వకపోతే నామినేషన్ కొట్టేస్తాడు. నాలుగో తరగతి అని రాయండి సార్, పాతవాటికి ఇప్పుడు ఎవరూ ఉరి తీయరు అని ఆయన బతిమాలారు. నేనూ చెప్పాను. అందులో తప్పేముంది మామయ్యా అన్నాను.

చూద్దాంలేమ్మా అని స్నానానికి వెళ్ళారు. గంటసేపు స్నానం.

ఏప్రిల్ 21, శుక్రవారం, ఉదయం 9.30

కొత్త అఫిడవిట్ రెడీ. నోటరీ హాల్లో కూర్చున్నాడు. మామయ్య పూజలో ఉన్నారు.

10.20

ఇంకా పూజే. మా ఇంట్లో ఇంతమంది దేవుళ్ళున్నారని నాకు తెలియదు.

10.50

బయటికొచ్చారు. కాగితం చూశారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. సంతకం పెట్టలేదు. కాఫీ అడిగారు.

మధ్యాహ్నం 1.00

తిరస్కరించారు. నా నామినేషన్ సక్రమంగా ఉందట. పార్టీ గుర్తు నాకే.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. కుందలహళ్ళిలో నా ఆఫీసు. పద్దెనిమిదో తారీఖున ఆ సంతకాలు పెట్టేముందు ఒక్క పేజీ చదివుంటే నా సొమ్మేం పోయేది?

ఏప్రిల్ 22, శనివారం

మామయ్యతో పోట్లాడాను. మొదటిసారి. ఎందుకు రాయలేదో చెప్పమన్నాను. టీవీ సౌండ్ పెంచారు. రిమోట్ లాక్కున్నాను. అయినా చెప్పలేదు. సోమవారం మూడింటిదాకా ఉపసంహరణకి టైముంది, నేను విత్‌డ్రా చేసుకుంటాను అన్నాను. నీ ఇష్టం అమ్మా అన్నారు. ఆయన తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 23, ఆదివారం

అత్తయ్య మోకాలికి ఐస్ పెడుతుంటే ఆవిడే మొదలుపెట్టారు. పెండ్లిచూపుల్లో పిల్లోడు పీయూసీ అని చెప్పినారంట. అత్తయ్య ఎస్సెస్సెల్సీ పాస్. పెండ్లయిన నెలకే తెలిసిపోయె, పేపరు పట్టుకుని కూర్చుంటాడు గానీ పేజీ తిప్పేదే లేదు అన్నారు. నలభై మూడేండ్లాయె, నేను అడగలే, ఆయప్ప చెప్పలే అన్నారు. ఆ గడిలో రాస్తే పేపర్లో వస్తుంది, నేను చదువుతానని ఆయప్పకి భయం అన్నారు.

మీకు తెలుసని ఆయనకు చెప్పొచ్చు కదా అత్తయ్యా అంటే, చెప్తే ఎట్లుంటాడో ఏమో, పాపం అన్నారు.

నలభై మూడేళ్ళు! ఇద్దరూ ఒకే ఇంట్లో! నాకు ఏడుపూ వచ్చింది, ఇద్దరినీ పట్టుకుని కుదిపేయాలనీ అనిపించింది.

ఏప్రిల్ 24, సోమవారం

విత్‌డ్రాయల్ ఫారం హ్యాండ్‌బ్యాగులో ఉంది. మూడు దాటింది. నేను టీమ్స్ మీటింగులోనే ఉన్నాను.

ఏప్రిల్ 29, శనివారం

లీవు పెట్టాను. కారణం దగ్గర ఎలక్షన్ అని రాస్తే, ఓటు వేయడానికి రెండు వారాలెందుకని హెచ్ఆర్ అడిగింది.

కాళ్ళు వాచాయి. కన్నడంలో ఐదు వాక్యాలు బట్టీపట్టాను. నాలుగోది ప్రతి వీధిలోనూ మర్చిపోతున్నాను. మామయ్య నా పక్కనే నడుస్తూ ప్రతి ఇంటివాళ్ళనీ పేరుతో పిలుస్తారు. ఎవరి గేదె ఈనిందో కూడా ఆయనకి తెలుసు. ఆ గడి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఇద్దరం రోజంతా పక్కపక్కనే, కోపంగా, అందరికీ దండాలు పెడుతూ.

మే 4, గురువారం

సాయంత్రం పెద్ద సభ. అత్తయ్య వాకర్‌తో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నా ఐదు వాక్యాలూ చెప్పేశాను, నాలుగోది కూడా. తర్వాత మామయ్య మైకు తీసుకున్నారు. చదువుకున్న కోడలు, ఎంటెక్ అని పొగుడుతారని తెలుసు. పొగిడారు.

పొగిడి ఆగారు. మైకు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. గుండెనొప్పేమో అని భయపడి లేవబోయాను. అప్పుడన్నారు, నేను నాలుగో క్లాసు అప్పా అని. ఐదుకు పోతానంటే మా నాయన ఆవుల వెంట పంపినాడు, బీఏ అని రాసుకునింది అబద్ధం, సిగ్గయి రాసుకున్నా అన్నారు. అత్తయ్య వైపు చూడలేదు. మైకు వైపే చూస్తూ, మా ఇంట్లో ఆమెకి కూడా చెప్పలేదు అన్నారు.

వెనక నుంచి ఎవరో అరిచారు, మాకు ఎప్పుడో తెలుసులే అప్పా అని. అంతా ఒకటే ఈలలు. అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

అంటే ఊరందరికీ తెలుసు. ఇంటావిడకి తెలుసు. మరి ఎవరి దగ్గర దాచినట్టు? రెండు వేల మంది ముందు చెప్పగలిగిన మాట రెండంగుళాల గడిలో రాయడానికి ఏమొచ్చింది? రాసుంటే నాకు ఈ ఎండా, ఈ జీపూ, ఈ దండలూ తప్పేవి కదా! కారులో ఇదే అడిగేశాను. రాస్తే ఒక్కడినే ఉంటా కదమ్మా, చెప్పేటప్పుడు మీరంతా ఉండారు అన్నారు.



మే 13, శనివారం

గెలిచాను. 1,862 ఓట్ల మెజారిటీ.

సర్టిఫికెట్ మామయ్య చేతికిచ్చాను. తిరిగి నాకే ఇచ్చి, చదువమ్మా, నాకు ఇంగ్లీషు రాదు అన్నారు. అందరి ముందూ. రెండుసార్లు చదివించుకున్నారు.