నాలుగు ఇస్పేట్ల దగ్గర

ఖానాపురం హవేలి, ఖమ్మం
9 జూన్ 2024

ప్రియమైన ఆదినారాయణకు,

'ప్రియమైన' అని రాయడం ఉత్తరానికి మర్యాద కాబట్టి రాశాను. పదకొండేళ్ల తర్వాత నా చేతిరాత చూసి ముసలాడు మెత్తబడ్డాడని అనుకోకు. డెబ్బై ఎనిమిదేళ్లకు కీళ్లు బిగుస్తాయి. మనసు మాత్రం మెత్తబడుతుందని నేను చదివిన ఏ పుస్తకమూ నన్ను ఒప్పించలేదు.

పని ఉండి రాస్తున్నాను. బ్రిడ్జి ఆట మీద తెలుగులో ఒక పుస్తకం రాశాను. ఆగస్టులో అచ్చుకు పోతుంది. మన క్లబ్బులో ముప్పై ఏళ్లు ఆడినవాళ్లు కూడా చేతికి వచ్చిన ముక్కల బలం తూచడమంటే పాయింట్లు లెక్కపెట్టడమే అనుకున్నారు. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి. పది వేళ్లున్న ఎవడైనా చేయగల పని. మన సెక్రటరీ అనిల్‌కుమార్ అయితే నిజంగానే బల్ల కింద వేళ్లు ముడిచేవాడు. చేతిలో ఒక రంగు ఎంత పొడుగుంది, ఏ రంగు అసలే లేదు, ఎదురుగా కూర్చున్న జోడీ ముక్కలకు మన ముక్కలు ఎంత అతుకుతాయి, ఇవి ఆ లెక్కలోకి రావు. జోడీకి ఒక్క ముక్కా లేని రంగులో మనకు రాజూ రాణీ ఉంటే ఆ ఐదు పాయింట్లు చిత్తుకాగితం. గనిలోకి దిగేవాడు కప్పుకు ఊతంగా నిలబెట్టిన ప్రాపులు లెక్కపెట్టి ఊరుకోడు, కర్రతో కప్పు తట్టి చప్పుడు వింటాడు. ఈ పోలికతోనే పుస్తకం మొదలుపెట్టాను.

ఏడో అధ్యాయం నీది. 2013, కొత్తగూడెంలో గని ఆఫీసర్ల క్లబ్బు, ఫైనల్. నీకు ఆరు ఇస్పేట్లు, ఐదు ఆఠీన్లు, రెండు డైమన్లు. కళావరు ఒక్కటీ లేదు. పాయింట్లు పదకొండు. 'ఒక ఇస్పేటు' అన్నావు. నాకు జాకీతో సహా నాలుగు ఇస్పేట్లు, రెండు ఆసులు, నీ ఆఠీన్లకు కావలసిన రాజు. నేను క్షణం తటపటాయించకుండా 'నాలుగు ఇస్పేట్లు' అన్నాను. నువ్వు 'పాస్' అన్నావు. పది పట్ల మాట దగ్గరే వేలం ఆగిపోయింది. పదమూడు పట్లలో పన్నెండు మనకే వచ్చాయి. పన్నెండు చేస్తామని ముందే చెప్పినవాడికే స్లామ్ బహుమానం. పక్క గదిలో అవే ముక్కలతో అనిల్‌కుమార్ చెప్పాడు. కప్పు వాళ్లది. వేళ్లు ముడిచేవాడికి కనిపించింది నీకు కనిపించలేదు.

నీ పేరుతోనే వేస్తున్నాను. అధ్యాయం పేరు 'లెక్కల గుమాస్తా'. ముక్కల్లో పొరపాటుంటే చెప్పు. అభిప్రాయాలు అక్కర్లేదు. ఆ రోజు గంగయ్య తెచ్చిన చాయ్‌తో సహా నాకు అన్నీ గుర్తున్నాయి. అదీ చల్లారిపోయే ఉంది. ఆ క్లబ్బులో ఏదీ సరిగ్గా ఉండేది కాదు.

ఇట్లు,
బసవపున్నయ్య

---

టేకులపల్లి
21 జూన్ 2024

ప్రియమైన సారుకు,

నమస్కారం. ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ నాగరాజు మా అనంతమ్మ చేతికిచ్చిండు. చేతిరాత చూసి ఆమె అన్నది: "ఏంది, మీ లెక్చరర్ సారు అలక తీరిందా? నేను పుట్టింటికి పోయినా మూడు దినాలకంటే ఎక్కువ అలగలే." లోపల ఏముందో ఆమెకు చెప్పలేదు.

ఇక్కడ వాన మొదలైంది. అడివి పచ్చగైంది. కంటికి ఆపరేషన్ అయినంక ముక్కల రంగులు బాగా కనిపిస్తున్నయి, ఆడేటందుకే ఎవరూ లేరు. ఒక్కణ్ణే నాలుగు చేతులు పంచుకొని, నాలుగు దిక్కుల కూసొని ఆడుకుంట. అనంతమ్మ చూసి, "నలుగురిల ఎవరు గెలిచిండ్రు?" అని అడుగుతది.

మీరు రాసిన ముక్కలు సరిగ్గనే ఉన్నయి. మీకు కళావరు జాకీ కూడా ఉండె, అది రాయలేదు. నాకు కళావరు లేదు గనక ఆ జాకీ దండుగ. మీ పదమూడు పాయింట్లల్ల దండుగ పోయింది ఆ ఒక్కటే. మిగిలిన పన్నెండు తగలవలసిన చోటనే తగిలినయి. పుస్తకంల అది రాస్తే చదివేటోళ్లకు బాగా అర్థమైతది.

నా పేరు సంగతి మీ ఇష్టం. నేను వద్దన్నా మీరు వినరు, నాకు తెలుసు. ఒక్కటి అడుగుత. ఆట మర్యాదల గురించి కూడా పుస్తకంల రాసిండ్రా?

ఆనాటి స్కోరు కాగితాలు గంగయ్య దగ్గర ఉండాలె. క్లబ్బు నుంచి పోయేటప్పుడు మూట కట్టుకొని పోయిండు. ఇప్పుడు పెనుబల్లిల బిడ్డ దగ్గర ఉంటుండు. చూసి రాస్తే మంచిది.

మీ
ఆదినారాయణ

---

ఖానాపురం హవేలి, ఖమ్మం
2 జూలై 2024

ఆదినారాయణకు,

ఈసారి ఆ మర్యాద ముక్క కూడా రాయబుద్ధి కాలేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నా కళావరు జాకీ దండుగ అని ఇంత చక్కగా చెప్పగలిగినవాడివి, ఆ రోజు 'పాస్' ఎందుకన్నావు? పదకొండేళ్లుగా నేను మింగలేకపోతున్నది ఓటమి కాదు. ఇరవై రెండేళ్లు ఎదురుగా కూర్చున్నవాడు ఒక్క మాట సంజాయిషీ చెప్పకుండా ముక్కలు కలిపి, చెప్పులేసుకొని పోవడం. నేను మెట్ల దాకా వచ్చాను. 'గుమాస్తా' అని అరిచాను. నువ్వు తిరిగి చూడలేదు. అనిల్‌కుమార్ నవ్వు మాత్రం నాకు వినిపించింది.

మర్యాదల గురించి అడిగావు. రాశాను, మూడో అధ్యాయం మొత్తం అదే. దానికీ నీ పదకొండు పాయింట్లకూ ఏం సంబంధం? నీతులు నేర్పే వయసు ఇద్దరికీ దాటిపోయింది.

నెలాఖరులోగా కారణం రాయి. నచ్చితే నీ పేరు తీసేస్తాను. రాయకపోతే గుమాస్తాగానే మిగిలిపోతావు, అచ్చులో, శాశ్వతంగా. పెనుబల్లికి నేనే వెళ్లి కాగితాలు చూసుకుంటాను. నీ మాట మీద ఆధారపడి పుస్తకం వేసే రోజులు పోయాయి.

బసవపున్నయ్య

---

ఖానాపురం హవేలి, ఖమ్మం
4 ఆగస్టు 2024

ప్రియమైన ఆదినారాయణకు,

నెల దాటింది. నువ్వు రాయలేదు. నీకు బదులు ఇంకొకరు చెప్పారు.

మొన్న గురువారం పెనుబల్లి వెళ్లాను. గంగయ్య కూతురింటి ముందు ఆయిల్‌పామ్ గెలలతో ట్రాక్టరు ఆగి ఉంది. అతను అరుగు మీద కూర్చొని లెక్క చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"ఎవరూ, లెక్చరర్ సారా? ఇంకా బతికే ఉన్నరా?"

"నీ చల్లారిన చాయ్ తాగి కూడా బతికాను" అన్నాను.

అతనికి కోపం వచ్చింది. "చల్లటి చాయ్ నేనెప్పుడు ఇచ్చిన సారూ?"

"ఫైనల్ రోజు."

"అది పొగలు వస్తుంటెనే పెట్టిన. ఆదినారాయణన్న ఒక ఇస్పేటు అన్నడు. మీరు ముక్కలు చూసుకుంట కూసున్నరు. నేను పక్క గదిల ఎనమండుగురికి చాయ్‌లిచ్చి, గ్లాసులు ఏరుకొని మళ్ల వచ్చిన. మీరు ఇంకా ముక్కలే చూస్తున్నరు. గ్లాసు మీద మీగడ కట్టింది. అప్పుడు నాలుగు అన్నరు. అని, గ్లాసు ముట్టుకొని నన్ను తిట్టిండ్రు. గది గదంతా మీ దిక్కే చూస్తుండె. ఆదినారాయణన్న ఒక్కడే తల వంచుకున్నడు."

కూతురు చాయ్ తెచ్చింది. తాగలేకపోయాను. స్కోరు కాగితాల మూట విప్పబోతే వద్దన్నాను.

తిరుగు బస్సులో వైరా వచ్చేదాకా కిటికీలోంచి ఏం చూశానో నాకు తెలియదు. క్షణం తటపటాయించలేదని నీకు రాశాను. పదకొండేళ్లు అదే నమ్మాను. జ్ఞాపకం కూడా తన వాదానికి పనికొచ్చే ముక్కలే పట్టుకుంటుంది. నేను అంతసేపు ఎందుకు ఆగానో ఇప్పుడు బాగా గుర్తొచ్చింది. ముందుకు పొమ్మని చెయ్యి చెబుతూనే ఉంది. నేను మాత్రం నా పదమూడు, నీకు మహా అయితే పన్నెండు, స్లామ్‌కు ముప్పై మూడు కావాలి అని కూడుకుంటూ కూర్చున్నాను. కూడి, నాలుగు దగ్గర ఆగాను. వేళ్లు బల్ల కింద ముడిచానో లేదో గంగయ్యను అడగలేదు. గుమాస్తావి నువ్వు కాదు.

నేను అంతసేపు ఆగి నాలుగు అన్నాక, ఇంకా బలం ఉందని బల్ల చుట్టూ అందరికీ తెలిసిపోయింది. జోడీ ఎంతసేపు ఆలోచించాడన్న దాన్నుంచి ఏమీ తీసుకోకూడదు. సందేహం ఉన్నచోట ఆ ఆగడం చెప్పినదానికి ఎదురుగానే నడవాలి. నా మూడో అధ్యాయం, రెండో పేజీ. నేను రాసినదాన్ని నువ్వు నేను రాయకముందే ఆడావు.

ఇంకొకటి. కప్పు తట్టి చప్పుడు వినే సంగతి నాకు చెప్పింది నువ్వే, ఇల్లెందు నుంచి జీపులో వస్తుండగా. పుస్తకం మొదటి పేజీలో దాన్ని నాదిగా రాసుకున్నాను.

ఏడో అధ్యాయం చించేసి మళ్లీ రాశాను. పేరు అదే, 'లెక్కల గుమాస్తా'. కింద నా పేరు వేశాను. నీ చెయ్యి ఎలా తూచాలో, ఆ తూకం తెలిసీ ఒక మనిషి ఎందుకు ఊరుకున్నాడో రాశాను. నీకు చూపించకుండా అచ్చుకు ఇవ్వను.

ఒక్కటే అడుగుతాను. నిజంగా తెలిసే ఊరుకున్నావా? లేక నేను ఇప్పుడు కూడా నిన్ను నాకు కావలసినట్టు మలుచుకుంటున్నానా? మెట్ల మీద అన్న మాటకు క్షమాపణ అడగడం నాకు చేతకాదు. ఇంతకాలం ఎన్ని పుస్తకాలు చదివినా అది మాత్రం నేర్చుకోలేదు. ఇదే అనుకో.

నీ పార్ట్‌నర్,
పున్నయ్య

---

టేకులపల్లి
12 ఆగస్టు 2024

ప్రియమైన పార్ట్‌నర్ సారుకు,

పోస్టు కార్డే ఉంది, చోటున్నంత రాస్త.

అప్పటికే క్లబ్బుల అంటుండ్రి: "లెక్చరర్ మాట ఆగితే ఓవర్‌మ్యాన్‌కు ముక్కలు కనపడ్తయంట." మీరు ఆఫీసర్ల నడుమ తిరిగేటోళ్లు, మిమ్ముల ఎవరూ ఏమనరు. నేను గనిల కూలీల మీద ఓవర్‌మ్యాన్‌ను, ఆఫీసర్‌ను కాదు, మీ చెయ్యి పట్టుకొని ఆ గదిలకు వచ్చినోణ్ణి. ఆ రోజు ఐదు అని, స్లామ్ దాకా పోయి ఉంటే కప్పు మనకు వచ్చేది, ఇరవై రెండేండ్ల ఆట పోయేది. సంజాయిషీ చెప్తే మీరు ఆగిండ్రని నా నోటితోనే పదిమందిల చెప్పినట్టయితది. అందుకని చెప్పులేసుకున్న.

పుస్తకంల నా పేరు తీసెయ్యుండ్రి, మీ పేరు కూడా తీసెయ్యుండ్రి. ముక్కలు ఉంచుండ్రి. కళావరు జాకీ మరువకుండ్రి.

ఆదివారం రాండ్రి. కొత్తగూడెం నుంచి ఆటోలున్నయి. అనంతమ్మకు మొత్తం చదివి వినిపించిన. "ఈసారి చాయ్ నేనే చేతికిస్త, తాగినంకనే ముక్కలు పట్టమను" అన్నది.

తెలుసా అని అడిగిండ్రు. ముక్కలు పంచుకోంగనే నా చెయ్యి మంచిదని తెలుసు. మీరు మామూలుగ నాలుగు అని ఉంటే ఐదు అనేవాణ్ణి. పన్నెండు పట్లు ఉన్నయని మాత్రం, మీరు చాయ్ తాగుడు మరిచినప్పుడు తెలిసింది.

మీ
ఆదినారాయణ