అన్న ఫోనుకు వచ్చే ఓటీపీ

బుధవారం, వరంగల్

వారం రోజులు కూర్చుని పదకొండు కాలేజీలను మూడుకు తెచ్చాను. ఎం.ఏ. ఇంగ్లీషుకు హైదరాబాద్ క్యాంపస్‌ను మొదట పెట్టాను. అక్కడి లైబ్రరీ గురించి సీనియర్ చెప్పినప్పటి నుంచి అదే ధ్యాస. సాయంత్రం వెబ్ ఆప్షన్లు తెరిస్తే ఇంటి దగ్గరి హసన్‌పర్తి కాలేజీ పైకెక్కి కూర్చుంది! మొదటి దాంట్లో సీటొస్తే ఇక రెండోది రాదు. లాగిన్ ఓటీపీ వచ్చేది అన్న ఫోనుకే.

"ఎందుకు మార్చినవ్ అన్నా?"

టీవీ మీంచి చూపైనా తిప్పలేదు. "ఇంగ్లీష్ ఏడ చదివినా ఇంగ్లీషే గదనే. ఈడైతే రోజూ నా బండి మీద దింపుత."

"మరి నువ్వెందుకు ఇంజనీరింగ్‌కు హైదరాబాద్ పోయినవ్?"

"గట్ల ఎదురు మాట్లాడకు బిడ్డా, అన్న నీ మంచికే చెప్తాండు," అంది అమ్మ వంటింట్లోంచి. నా మంచి ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప.

మార్చుకోవడానికి రేపు సాయంత్రం వరకే గడువు. అన్న స్నానానికి వెళ్లినప్పుడు ఫోను తెరిచి ఓటీపీ చూసుకోవచ్చు, లాక్ నాకు తెలుసు. కానీ చూడను. నా సీటు కోసం నేనే దొంగనెందుకు కావాలి? పొద్దున్నే బాపు ముందు అన్ననే ఓటీపీ అడుగుతాను. ఇవ్వనని అన్న తన నోటితోనే అనాలి.