కొత్త టైర్లు ఎక్కిచ్చిన

అక్షతా,

నీ సైకిల్‌కు కొత్త టైర్లు ఎక్కిచ్చిన. జర మందంగుంటయి. ముల్లు దిగకుండ లోపల గట్టి పట్టీ ఉంటది. తొక్కే ముందు గాలి చూస్కో. వెనుక చక్రం నట్లు బిగిచ్చిన గని, నువ్వు గూడ ఒకసారి పానా పెట్టి చూడు. చక్రం తిరిగినంతసేపు పెడల్ ఆగని రేసు సైకిల్ కద, చక్రం జరిగితే చైన్ ఊడుతది.

పాత సన్నటి టైర్లు ఏరి తెచ్చింది నేనే. "హైవే మీద తొక్కే పిల్లకు మందంటివి వెయ్" అని సైకిల్ దుకాణంల చెన్నబసప్ప తాత చెప్పిండు. సన్నటివి చూడనీకి బాగున్నయని నేను వినలే. జిల్లా పోటీల సెలెక్షన్‌కు పోతుంటే చిరాగ్‌పల్లి కాడ పంచరై, నువ్వు సైకిల్ నెట్టుకుంట ఇంటికొచ్చినవు. నేనేమో "చూస్కొని తొక్కరాదా" అని నాయిన ముందట నిన్నే తిట్టిన. నువ్వు నా పేరు తియ్యలే. గప్పటి సంది నీ మొకం చూడాలంటే సిగ్గయితుంది.

పొద్దున నాయినకు ఉన్నదున్నట్టు చెప్పిన. తప్పు నాదే.

ఫ్యాక్టరీ బస్సు వచ్చింది, పోత.

అన్న, వినయ్

కోచ్ సార్‌ను అడిగిన. మల్ల సెలెక్షన్ వచ్చే ఏడాదే అంట. గీ మాట నీ ముందర నిలబడి చెప్పే ధైర్యం లేకనే చీటీ రాసిన.