పొగ కనిపించని 318వ నంబరు ఇల్లు

సాన్ బ్రౌలియో,
జూలై 14, శుక్రవారం.

పురపాలక గాలి నాణ్యత విభాగం అధికారి వారి సముఖమునకు,
లోయ రేడియో వార్తా విలేకరి ఎలియోదోరో మాన్సియా సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఎర్ర రోజుల నిబంధనలకు ఒక వాక్యం చేర్చి, తమ సంతకంతో ఈ సాయంత్రం ఆరు గంటల లోపల రేడియోకు పంపించుట గురించి.

చేర్చవలసిన వాక్యం ఇది: “పొయ్యిలో నిప్పు ఉన్నంతసేపు గొట్టం పిడి పూర్తిగా మూయరాదు.” తమకు తీరిక లేకపోతే ఇక్కడితో చదవడం ఆపి సంతకం చేయగలరు. తీరిక ఉంటే కారణాలు ఈ దిగువన మనవి చేసుకుంటున్నాను.

1. నేను నిబంధనలకు వ్యతిరేకిని కాను. ఈ లోయలో ముప్పై ఒక్క ఏళ్లుగా వార్తలు చదువుతున్నాను. జూన్ నుంచి ఆగస్టు దాకా సాగే మా శీతాకాలంలో గాలి ఆడని రోజున మధ్యాహ్నం మూడింటికే కార్లు దీపాలు వేసుకుని నడుస్తాయి. పోయిన ఆగస్టులో ఒక వారం ఆసుపత్రిలో పిల్లల పడకలు చాలక వసారాలో మంచాలు వేశారు. ఆ వార్త రాసింది నేనే. పొగ మనుషులను చంపుతుందని తమరు అన్నప్పుడు ఊళ్లో సగం మంది నవ్వారు. నేను నవ్వలేదు.

2. గాలిలో పొగ మితిమీరిందని తమరు ప్రకటించే ఎర్ర రోజున పాటించవలసిన నిబంధనల్లో మూడవది: బయటి పొగ లోపలికి రాకుండా తలుపులు, కిటికీలు, సందులు మూసుకోవాలి. నాలుగవది: సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు వరకు ఇళ్ల పొగ గొట్టాల నుంచి పొగ కనిపించరాదు, కనిపిస్తే జరిమానా. రెండూ విడివిడిగా సరైనవే. ఈ ఏడాది మే 30 నుంచి ఇప్పటి వరకు తొమ్మిది ఎర్ర రోజులు వచ్చాయి. తొమ్మిది రోజులూ ఈ రెండు నిబంధనలను ఒకదాని వెనక ఒకటి, గంటకోసారి, నా గొంతుతో నేనే చదివాను.

3. తమరు మార్చిలో రాజధాని నుంచి వచ్చారు. అందుచేత ఇక్కడి వారెవరూ తమకు చెప్పి ఉండని ఒక అలవాటును మనవి చేస్తున్నాను. మా ఇనప పొయ్యిల గొట్టం లోపల గుండ్రటి రేకు ఒకటి తిరుగుతుంది. దాని పిడి బయటికి ఉంటుంది. పడుకోబోయే ముందు పొయ్యి నిండా లావుపాటి పచ్చి దుంగలు పేర్చి, పిడిని అడ్డంగా తిప్పి, వేలెడు సందు ఉంచుతాం. మంట చచ్చి నిప్పు మిగులుతుంది. తెల్లారేదాకా ఇల్లు వెచ్చగా ఉంటుంది. మా అమ్మ ఇలాగే చేసేది, ఆమె తల్లీ ఇలాగే చేసేది. దీన్ని ఎవరూ ఎవరికీ నేర్పరు. ఆ వేలెడు సందులోంచే పొగ బయటికి పోతుంది, చూసేవాళ్లకు కనిపిస్తుంది.

పొగ కనిపించరాదని నేను రేడియోలో చెప్పాక జనం ఆరింటికల్లా కట్టెలను నిప్పులు చేసి, ఆ వేలెడు సందు కూడా మూసేశారు. పొయ్యి మానెయ్యమని నిబంధన చెప్పలేదు. మానేస్తే చాలా ఇళ్లలో మరో వేడి లేదు. పొగ కనిపించొద్దన్నారు కాబట్టి కనిపించకుండా చేశారు.

4. మా అక్క ఓర్మెసిందా మాన్సియా వయసు డెబ్బై నాలుగు. బడి వంటశాలలో ఇరవై ఆరేళ్లు పని చేసింది. దిగువ వీధిలో 318వ నంబరు ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. జూన్ 9న ఆమె గొట్టం నుంచి పొగ వచ్చిందని తమ కార్యాలయం వారు తలుపుకు నోటీసు అంటించారు. జరిమానా ఆమె రెండు నెలల పింఛను. అది కట్టేసింది. ఆ కాగితం మాత్రం రెండు రోజులు తలుపు మీదే ఉండిపోయింది, వీధిలో అందరూ చదివారు. “డెబ్బై నాలుగేళ్లలో నా తలుపుకు పూలదండ తప్ప కాగితం అంటలేదురా” అంది నాతో. ఆ రోజు నుంచి పిడి పూర్తిగా మూయడం మొదలుపెట్టింది. ఈ సంగతి నాకు చెప్పలేదు. ఎర్ర రోజుల మర్నాడు తలనొప్పి అనేది. బయటి పొగ వల్ల అనుకున్నాను. రేడియోలో పనిచేసే మనిషి ఇంత చిన్న ప్రశ్న వేసుకోకపోవడం తప్పు. దానికి తమరు బాధ్యులు కారు.

5. మంగళవారం, జూలై 11, తొమ్మిదవ ఎర్ర రోజు. మామూలుగా అయిదింటికి ఆమె ఇంటికి వెళ్లి మాతే ఆకుల కషాయం తాగుతాను. ఆ రోజు ఆరు దాకా ప్రకటన చదవవలసి ఉండి, ఏడూ పదికి చేరాను. వీధిలోంచి గొట్టం వైపు చూశాను. పొగ లేదు. ‘మంచిది, అక్క నిబంధన పాటిస్తోంది’ అనుకున్నాను. ఈ మాట దాచితే అర్జీ అబద్ధమవుతుంది. ఎదురింటి నిబాల్దోతో గేటు దగ్గర నాలుగు నిమిషాలు ఫుట్‌బాల్ గురించి మాట్లాడాను కూడా.

పిలిస్తే పలకలేదు. వెనక తలుపు తాళం నా దగ్గర ఉంటుంది. సందుల్లో కుక్కిన గుడ్డల వల్ల తలుపు రెండు తోపులకు గాని రాలేదు. అక్క పొయ్యి పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. మాతే తాగే సొరబుర్ర చేతిలో ఒరిగి ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఒడిలో పిల్లి చచ్చిపోయి ఉంది. ఇల్లు వెచ్చగా, శుభ్రంగా ఉంది. పొగ వాసన లేదు.

నిబాల్దో, నేను ఆమెను మంచులోకి మోసుకొచ్చాం. అగ్నిమాపక దళం వాళ్లు పదకొండు నిమిషాలకు వచ్చారు. లోపల వాళ్ల మీటరు 480 చూపించింది. “ముప్పై అయిదు దాటితేనే మేం జనాన్ని బయటికి పంపించేస్తాం, దోన్ ఎలియో. ఇది కార్బన్ మోనాక్సైడ్, మూసిన పొయ్యిలో నిప్పు నుంచి వచ్చే విషవాయువు. దీనికి రంగూ లేదు, వాసనా లేదు” అన్నాడు వాళ్ల నాయకుడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ “ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే” అని ఆగింది. మిగతాది నేను అడగలేదు. అడగవలసిన ప్రశ్నను అడగకుండా వదిలేయడం ఈ వృత్తిలో నాకు అదే మొదటిసారి.

6. బుధవారం తమ ఇన్‌స్పెక్టర్ బర్రియెంతోస్‌ను కలిశాను. మంగళవారం సాయంత్రం దిగువ వీధి నివేదిక చూపించమని అడిగాను. చూపించాడు. “6:40. నం. 318. పొగ లేదు. నిబంధన పాటించారు.” ఆ నిమిషానికి మా అక్క ఆ గొట్టం కింద స్పృహ లేకుండా ఉంది.

“కారు ఆపి ఒకసారి పిలవకపోయావా నాయనా?” అన్నాను.

“దోన్ ఎలియో, నా పని గొట్టాలు చూడటం. ఒక సాయంత్రం నాలుగు వందల గొట్టాలు. కాగితంలో రెండే గడులు, పొగ ఉంది, పొగ లేదు అని. లోపల మనిషి ఎలా ఉందని రాసే గడి లేదు.”

“మీ ఇంట్లో పొయ్యి ఉందా?”

“ఉంది. మా అమ్మ దగ్గర.”

“ఎర్ర రోజున పిడి ఎలా ఉంచుతుంది?”

అతను లేచాడు. టోపీ తీసుకుని బయటికి వెళ్లాడు. తర్వాత తెలిసింది, నేరుగా ఇంటికే వెళ్లాడట. ఆ కుర్రవాడి మీద నాకు ఫిర్యాదు లేదు.

7. బుధ, గురువారాల్లో దిగువ వీధిలోని ఇరవై రెండు ఇళ్లకూ వెళ్లి ఒకే ప్రశ్న అడిగాను. ఆరు దాటాక పిడి పూర్తిగా మూస్తామన్నవారు పద్నాలుగు ఇళ్లు. ఎర్ర రోజుల్లో తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం ఉన్నాయన్నవారు తొమ్మిది ఇళ్లు. తొమ్మిదీ ఆ పద్నాలుగులోవే. పేర్లు రాయడం లేదు. రాస్తే జరిమానా పడుతుందని వాళ్ల భయం, నిజం చెప్పరని నా భయం. నిబాల్దో ఒక్కడే పేరు రాయమన్నాడు, ఎందుకంటే ఆయన పిడితో ఆగలేదు. గొట్టం పైన రేకు మూత బిగించి, వంటగదిలోకి తీగ దించాడు. నన్ను లోపలికి పిలిచి లాగి చూపించాడు.

“చూశావా? ఇన్‌స్పెక్టర్ కారు మలుపు తిరిగిందంటే లాగుతా. పోయాడంటే వదులుతా. మా ఆవిడ దీనికి ‘పురపాలక టోపీ’ అని పేరు పెట్టింది.”

“ఆవిడేదీ?”

“పడుకుంది. మొన్న మంగళవారం నుంచి వాంతులు. ఆల్చిప్పల కూర పడలేదు.”

“నువ్వూ తిన్నావా ఆ కూర?”

“తిన్నా.”

“నీకేం కాలేదే?”

“నేను కట్టెల కొట్లో ఉంటాను కదయ్యా సాయంత్రాలు…” అన్నాడు, అని ఆ తీగ వైపు చూశాడు. నిచ్చెన వేసుకుని ఆ మూత అప్పుడే ఊడబీకాడు. మా అక్కను మంచులోకి మోసిన మనిషే రెండు రోజుల తర్వాత కూడా ఆ తీగను గొప్పగా చూపిస్తున్నాడు. అక్కది పాత పొయ్యి కాబట్టి అలా జరిగిందనుకున్నాడట.

8. మా అక్క నిన్న ఇంటికి వచ్చింది. పిల్లిని పెరట్లో పాతిపెట్టాం. తర్వాత ఆమె నాతో అన్న మాటలు తమకు ఉన్నదున్నట్టు తెలియాలి.

“అక్కా, ఇక పిడి మూయకు.”

“నువ్వే కదరా రేడియోలో చెప్పింది, పొగ కనపడకూడదని. కనపడిందా?”

“కనపడలేదు.”

“మరి? చెప్పింది చెప్పినట్టు చేస్తే కూడా తప్పేనా?”

దీనికి జవాబు తమ దగ్గర ఉంది. అందుకే ఈ అర్జీ.

9. ఆ వాక్యం నువ్వే రేడియోలో చదువుకోవచ్చు కదా అని తమరు అనవచ్చు. మే నెలలో తమ కార్యాలయం మా రేడియోకు ఒక ఉత్తర్వు పంపింది. నిబంధనల గురించి తమ సంతకం ఉన్న పాఠం తప్ప ఒక్క అక్షరం ఎక్కువ గాని తక్కువ గాని చదవరాదన్నది దాని సారాంశం. బుధవారం ఆ వాక్యం మా యజమాని ముందు పెట్టాను. “సంతకం తీసుకురా, ఎలియో. లైసెన్సు పోతే మనిద్దరం వీధిలో కట్టెలు కొట్టుకోవాలి” అన్నాడు. బుధవారం మధ్యాహ్నం తమ కార్యాలయానికి వచ్చాను. తమరు సమావేశంలో ఉన్నారు. నిన్న రెండుసార్లు వచ్చాను. అర్జీగా రాసి తెమ్మన్నారు. రాశాను.

10. మనవి చేసుకునేవి రెండు. ఒకటి, పైన చెప్పిన వాక్యం. రెండు, నివేదికలో పొగ లేని ఇంటి ఎదుట “నిబంధన పాటించారు” అని రాసే పద్ధతి ఆపించడం. పొగ లేకపోతే పొగ లేదని మాత్రమే రాయాలి. ఇన్‌స్పెక్టర్‌కు కనిపించింది అంతే.

పసిపిల్లల గది పొయ్యి వెనకే ఉన్న ఇళ్లు నేను చూసిన పద్నాలుగింటిలో అయిదు. ఊళ్లో దిగువ వీధి లాంటి వీధులు ముప్పై దాకా ఉన్నాయి. వాతావరణ కేంద్రం వారు ఈ రోజు నుంచి ఆదివారం వరకు గాలి ఉండదంటున్నారు. నాకు భయంగా ఉంది. ఈ మాట అర్జీలో రాయవచ్చో లేదో తెలియదు. ఇది కూడా నిజమే గనుక రాశాను.

కావున తమరు పై సంగతులను ఆలస్యం లేకుండా చిత్తగించవలెనని కోరుకుంటూ,

తమ విధేయుడు,
ఎలియోదోరో మాన్సియా

తాజా కలం: మధ్యాహ్నం ఒంటిగంటకు తమ కార్యాలయం వసారాలో నిలబడి ఇది రాస్తున్నాను. పన్నెండు గంటలకు తమ దగ్గర నుంచి ఎర్ర రోజు ప్రకటన వచ్చింది. అందులో ఆ వాక్యం లేదు. ప్రకటన చదివి, చివర ఆ వాక్యం కూడా నేనే చేర్చి చదివాను. యజమాని మైకు కట్టేశాడు. అప్పటికి వాక్యం పూర్తయింది. రేపటి నుంచి నాకు అక్కడ పని లేదు.

వెంటనే అక్క ఫోన్ చేసింది.

“ఏంట్రా, రోజుకో మాట చెబుతావు? దానికి సంతకం ఉందా?”

“లేదక్కా.”

“లేనప్పుడు అది నీ మాట, వాళ్ల మాట కాదు. నా తలుపుకు ఇంకో కాగితం అంటడానికి నేను ఒప్పుకోను. ఆరింటికి పిడి మూస్తా.”

“అక్కా, చచ్చిపోతావు.”

“మొన్న చచ్చానా?” అని పెట్టేసింది.

గుమాస్తా గారు తమరు భోజనానికి వెళ్లారని, శుక్రవారం కనుక మళ్లీ వస్తారో రారో చెప్పలేనని అంటున్నారు. ఈ కాగితం ఆయన చేతికి ఇచ్చి, స్వీకరించినట్టు ముద్ర వేయించుకుని, ఇక్కడి నుంచి అక్క ఇంటికి వెళ్తున్నాను. పిడి నా చేతిలో పెట్టుకుని కూర్చుంటాను. ఆరు దాటాక 318 గొట్టం నుంచి పొగ వస్తుంది. నోటీసు నా పేరున రాయించండి. నాకు అరవై ఎనిమిదేళ్లు, మూడు రోజులుగా నిద్ర లేదు. నేను కునుకు తీశానంటే ఆమె లేచి పిడి తిప్పేస్తుంది, ఆమె సంగతి నాకు తెలుసు. కాబట్టి ఒకవేళ పొగ కనిపించకపోతే బర్రియెంతోస్‌ను కారు దిగమనండి. తలుపు కొట్టమనండి. మా ఇద్దరిలో ఎవరూ తీయకపోతే పగలగొట్టమనండి.